అపర భగీరథుడు హెన్రీ డార్సీ

జలము లేనిదే జనపదము లేదు. నాగరికతలన్నియు నదీతీరములందే పుట్టి పెరిగినవని చరిత్రకారులు చెబుతారు. అయితే నది ప్రక్కన నివసించుట వేరు, నిర్మలమైన నీటిని ఇంటి ముంగిటికి తెచ్చుకొనుట వేరు. మొదటిది ప్రకృతి ఇచ్చిన వరము. రెండవది మానవుడు తన మేధస్సుతోను శ్రమతోను సాధించుకొన్న ఫలము. అందువలననే చెరువు త్రవ్వించినవానిని, కాలువ తెచ్చినవానిని అపర భగీరథుడని కీర్తించుట మన తెలుగువారికి ఆచారమైనది. మన పెద్దలు సప్త సంతానములలో తటాక నిర్మాణమునకు స్థానము కల్పించినారు. ఇస్లాము సంప్రదాయములోను దప్పిగొన్నవారికి నీరిచ్చుట సదఖా-ఎ-జారియాగా, అనగా దాత మరణించిన పిమ్మట కూడ ఫలము నిచ్చుచుండెడి దానముగా, పరిగణింపబడినది. అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీదు పట్టమహిషి జుబేదా మక్కా యాత్రికులకొరకు నిర్మింపజేసిన కాలువ ఆమె పేరును పన్నెండు శతాబ్దులుగా నిలిపినది. మొహర్రం దినములలో మన నగర వీధులలో వెలసే సబీళ్ళు ఆ సంప్రదాయమునకు చెందినవే.

అట్టి జలదాతలలో ఒకడు, అంతకు మించి జలము యొక్క నడకను గణితసూత్రములో బంధించిన శాస్త్రజ్ఞుడు, ఫ్రాన్సు దేశీయుడైన హెన్రీ డార్సీ. ఇంజనీరింగు విద్యార్థులకు ఆయన పేరు సుపరిచితమే. భూగర్భజల శాస్త్రములోను, పెట్రోలియము శాస్త్రములోను, రసాయన కర్మాగారములలోని వడపోత ప్రక్రియలలోను డార్సీ సూత్రము లేనిదే పాఠము మొదలు కాదు. కాని పాఠ్యపుస్తకములో ఒక సమీకరణమునకు తగిలించిన పేరుగానే ఆయన మిగిలిపోయినాడు. ఆ పేరు వెనుక ఉన్న మనిషిని ఎరిగినవారు తక్కువ. ఆ మనిషిని మా విద్యార్థులకు పరిచయము చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. మేము సాహిత్యము బోధించువారమే గాని శాస్త్రవేత్తలము కాము. అయినను మహనీయుల చరిత్ర ఏ ఒక్క శాఖకును సొంతము కాదు గదా.

బాల్యము, విద్య

హెన్రీ ఫిలిబెర్ గాస్పార్ డార్సీ 1803వ సంవత్సరము జూన్ 10వ తేదీన ఫ్రాన్సు తూర్పు భాగములోని దిజోన్ నగరములో జన్మించినాడు. ఆ నాటికి ఫ్రెంచి విప్లవపు వేడి పూర్తిగా చల్లారలేదు. నెపోలియన్ ఇంకను చక్రవర్తి కాలేదు. తండ్రి చిన్న ఉద్యోగి. హెన్రీకి పదునాలుగవ యేట, 1817లో, తండ్రి మరణించినాడు. ఇద్దరు మగపిల్లలతో మిగిలిన ఆ తల్లికి ఆస్తి అంతంతమాత్రమే. అయినను బిడ్డల చదువు ఆగరాదని ఆమె పట్టుబట్టినది. పెద్ద కుమారునికి నగరము తరఫున విద్యార్థి వేతనము సంపాదించి చదివించినది. వితంతువైన ఒక తల్లి ఆనాడు ధైర్యము కోల్పోయి ఉండినచో, నేడు ప్రపంచములోని విశ్వవిద్యాలయములన్నిటిలోను పఠింపబడుచున్న ఒక శాస్త్ర నియమము మరొకరి పేరున వెలువడి ఉండెడిది, లేదా మరి కొంతకాలము మరుగుననే ఉండెడిది.

1821లో పదునెనిమిదవ యేట డార్సీ పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో ప్రవేశించినాడు. రెండేండ్ల పిమ్మట వంతెనలు, రహదారుల ఇంజనీర్లను తయారుచేయు ప్రసిద్ధ విద్యాలయములో చేరి 1826లో విద్య ముగించినాడు. ఆ రోజులలో ఫ్రాన్సులో ఈ ఇంజనీర్ల దళమునకు గొప్ప గౌరవము ఉండినది. వారు గణితములో ఆరితేరినవారు, ప్రభుత్వ సేవకు కట్టుబడినవారు. మొదట జూరా ప్రాంతములో పనిచేసి, 1827లో డార్సీ స్వస్థలమైన దిజోన్‌కు ఇంజనీరుగా వచ్చినాడు. మరుసటి యేట హెన్రియెట్ కేరీ అను ఆంగ్ల యువతిని వివాహమాడినాడు. ఆ దంపతులకు సంతానము కలుగలేదు.

దాహముతో ఉన్న నగరము

డార్సీ పుట్టిన నగరమునకు తీరని కొరత ఒకటి ఉండినది. అది మంచినీరు. దిజోన్ బావుల నీరు చెడ్డది. నగరము గుండా పారే సుజోన్ వాగు పేరునకు వాగే గాని, నిజమునకు మురుగు కాలువ. నీరు తెచ్చుకొందమని శతాబ్దులుగా పెద్దలు ఆలోచించినారు, పథకములు వ్రాసుకొన్నారు, కాగితములు దాచుకొన్నారు. 1829-30 సంవత్సరములలో నగర మధ్యమున సుమారు నూట యాభై మీటర్ల లోతు బావి త్రవ్వినారు. ఆ బావిని పరీక్షించి, అందులో వచ్చు నీరు నగరమునకు చాలదని తేల్చినవాడు యువ ఇంజనీరు డార్సీయే. చాలదని చెప్పుట సులభము. ఏది చాలునో చూపుట కష్టము. డార్సీ రెండవ పనికి పూనుకొన్నాడు.

1834లో ఆయన తన పథకమును నగర సభకు సమర్పించినాడు. నగరమునకు దూరముగా ఉన్న రోజ్వార్ అను ఊట నుండి నీటిని తేవలెనని ఆయన సంకల్పము. మరుసటి సంవత్సరము నగర సభ అంగీకరించినది. 1837 చివర ప్రభుత్వము దానిని ప్రజోపయోగ కార్యముగా ప్రకటించినది. 1839 మార్చిలో పని ప్రారంభమైనది. 1840 సెప్టెంబరు 6వ తేదీన రోజ్వార్ నీరు నగర ద్వారమైన పోర్ట్ గియోమ్ వద్దనున్న జలాశయమును చేరినది. పన్నెండు కిలోమీటర్ల ఏడు వందల మీటర్ల పొడవున కప్పు వేసిన రాతి కాలువ, నిమిషమునకు ఎనిమిది ఘనపు మీటర్ల ప్రవాహము. అనగా దినమునకు కోటి లీటర్లకు మించిన నీరు! ఆ నీరు నడుచుటకు యంత్రము లేదు, పంపు లేదు. నేల వాలు ఒక్కటే దానిని నడిపించినది.

తరువాతి నాలుగేండ్లలో నగరములోపలి గొట్టముల పని పూర్తియైనది. మొత్తము 28,000 మీటర్ల గొట్టములు. నూరేసి మీటర్ల దూరమునకు ఒకటి చొప్పున 142 వీధి కుళాయిలు. ఇక్కడ పాఠకులు ఒక విషయము గమనించవలెను. కలిగినవారి ఇండ్లకు గొట్టములు వేసి చేతులు దులుపుకొనుట డార్సీ ఉద్దేశము కాదు. పేదవానికి నీటిని కొలిచి ఇచ్చుట, దానికి వెల కట్టుట, పగటి వెలుగునకు వెల కట్టుటతో సమానమని ఆయన భావించినాడు. అందుకే ఎంతటి పేద ఇల్లాలైనను బిందె చంకనెత్తుకొని నూరు అడుగులు నడచిన నీరు దొరకునట్లు కుళాయిలను అమర్చినాడు. కొద్ది సంవత్సరములలో దిజోన్ జల సరఫరా యూరపులో రోముకు మాత్రమే రెండవదను పేరు పొందినది.

ఈ పనికిగాను డార్సీకి నియమముల ప్రకారము రావలసిన ప్రతిఫలము 55,000 ఫ్రాంకులు. అది ఆ రోజులలో ఒక కుటుంబమును తరతరములు నిలబెట్టగల మొత్తము. తండ్రి లేని బాలుడుగా విద్యార్థి వేతనముతో చదివినవాడు, ఆ ధనమును నిరాకరించినాడు. తన్ను చదివించిన నగరమునకు ఋణము తీర్చుకొన్నట్లు ఆయన తలచినాడేమో! నగరము ఇచ్చిన ఒక స్వర్ణపతకమును, జీవితాంతము తన ఇంటికి ఉచితముగా నీరు పొందు హక్కును మాత్రము స్వీకరించినాడు.

పదవులు, పరీక్షలు

1840లో డార్సీ కోట్ దోర్ మండలమునకు ముఖ్య ఇంజనీరైనాడు. పారిస్ నుండి లియోన్ వైపు వేయదలచిన రైలుమార్గము దిజోన్ మీదుగా పోవలెనని వాదించి, అందుకు అడ్డుగా నిలిచిన కొండను బ్లేజీ వద్ద నాలుగు కిలోమీటర్ల సొరంగముతో దాటవచ్చునని చూపినవారిలో ఆయన ముఖ్యుడు. ఆ సొరంగము గుండా నేటికిని రైళ్ళు నడచుచున్నవి.

మంచి పని చేసినవానికి ఎల్లప్పుడును మంచియే జరుగునని చెప్పలేము. 1848 విప్లవానంతరము అధికారములోనికి వచ్చినవారికి, దిజోన్ ప్రజలలో డార్సీకి ఉన్న పలుకుబడి నచ్చలేదు. ఆయనను స్వస్థలము నుండి తొలగించి దూరమైన బూర్జ్ నగరమునకు పంపినారు. కాని ప్రతిభను మూలన పెట్టుట ఎవరికిని సాధ్యము కాదు. ఆ సంవత్సరమే ఆయన పారిస్ నగర జలములకును వీధుల నిర్మాణమునకును అధిపతిగా నియమింపబడినాడు. 1850లో ఇంగ్లండు వెళ్ళి అక్కడి కంకర రోడ్ల నిర్మాణమును పరిశీలించినాడు.

పారిస్‌లో షాయో అను చోట డార్సీ గొట్టములలోని నీటి ప్రవాహముపై పరీక్షలు చేసినాడు. అంతకు పూర్వము పండితులు గొట్టము లోపలి గరుకుదనమును అంతగా లెక్కించలేదు. క్రొత్త గొట్టము, పాత గొట్టము, సీసపు గొట్టము, ఇనుప గొట్టము అను భేదము లేక ఒకే సూత్రమును అన్నిటికిని వర్తింపజేసెడివారు. లోపల తుప్పు, పాకుడు పట్టిన గొట్టములో నీరు మరింత అవరోధమును ఎదుర్కొనునని డార్సీ కొలిచి చూపినాడు. 1857లో వెలువడిన ఈ పరిశోధనల కారణముగా గొట్టములలోని ఒత్తిడి నష్టమును తెలుపు సూత్రమునకు డార్సీ-వైస్‌బాఖ్ సూత్రమని పేరు వచ్చినది. ప్రవాహవేగమును కొలుచు పిటో గొట్టమును నేటి రూపమునకు దగ్గరగా సవరించినవాడును ఆయనయే.

ఆసుపత్రి ఆవరణలో ఒక ఇనుప గొట్టము

ఇంతలో ఆరోగ్యము క్షీణించినది. నాడీమండలమునకు సంబంధించిన వ్యాధి ఆయనను పీడించుచుండెడిది. 1855లో తన్ను పదవీ భారము నుండి విడిపించి, దిజోన్‌లో పరిశోధన చేసుకొనుటకు అనుమతింపుమని కోరుకొన్నాడు. ప్రభుత్వము అంగీకరించినది. ఆయువు ఎక్కువ లేదని తెలిసిన మనిషి సాధారణముగా విశ్రాంతి కోరును. డార్సీ పని కోరినాడు.

ఆయన ఎన్నుకొన్న పని ఏది? ఇసుక గుండా నీరు వడియు తీరును కొలుచుట. ఇందులోని ఔదార్యమును విద్యార్థులు గ్రహించవలెను. దిజోన్‌కు వడపోత అవసరమే లేదు. రోజ్వార్ ఊట నీరు సహజముగానే స్వచ్ఛమైనది. కాని ఊటల భాగ్యము లేని ఇతర నగరములు నదుల నుండి నీరు తీసికొనుచుండెడివి. అట్టి నీటిని ఇసుక తొట్లలో వడగట్టవలెను. లండను నగరములో 1829 నుండియే అట్టి తొట్లు ఉన్నవి. అయితే ఎంత ఇసుక వేసిన ఎంత నీరు వచ్చును, ఇసుక మందము పెంచిన ఎంత తగ్గును అను ప్రశ్నలకు అనుభవమే గాని గణితము లేదు. తన నగరమునకు అక్కరలేని జ్ఞానమును ఇతర నగరములకొరకు సంపాదించుటకై ఆ రోగి పూనుకొన్నాడు.

1855 అక్టోబరు 29, 30 తేదీలలోను నవంబరు 2వ తేదీనను దిజోన్ ఆసుపత్రి ఆవరణలో ఈ పరీక్షలు జరిగినవి. మనిషికన్న ఎత్తైన ఒక ఇనుప గొట్టము నిలువుగా నిలిపినారు. దాని లోపలి వ్యాసము 35 సెంటీమీటర్లు. అడుగున జల్లెడ, దానిపై సోన్ నది ఇసుక. మొదట అర మీటరుకు కొంచెము మించి, పిదప ఒక మీటరుకు పైగా, ఆ పిమ్మట ఒకటిన్నర మీటరు దాటి, ఇట్లు ఇసుక మందమును మార్చుచు పోయినారు. పైనుండి ఆసుపత్రి కుళాయి నీరు ఒత్తిడితో ఇసుకలోనికి చొరబడును. క్రింద తొట్టిలో పడిన నీటిని కొలిచెదరు. గొట్టము పైభాగమునను క్రిందిభాగమునను పాదరసపు మానోమీటర్లు ఒత్తిడిని చూపును. శార్ల్ రిట్టర్ అను యువ ఇంజనీరు ఆయనకు తోడ్పడినాడు.

ఒక చిక్కు ఎదురైనది. ఆసుపత్రిలో ఎవరో ఒకరు ఎప్పుడును ఏదో ఒక కుళాయి త్రిప్పుచునే ఉండిరి. త్రిప్పినప్పుడెల్ల గొట్టములలో నీరు అదరి మానోమీటరులోని పాదరసము ఊగులాడెడిది. అంకెను స్థిరముగా చదువుట కష్టమైనది. డార్సీ ఆ ఊగులాటను దాచలేదు. సగటును ఎట్లు తీసినదియు, ఏ పరీక్షలో పాదరసము ఎంత కలతపడినదియు తన పట్టికలోనే వ్రాసిపెట్టినాడు. ఒత్తిడిని గొట్టము అడుగున కూడ మార్చి చూచినగాని సంపూర్ణ సత్యము తేలదని గ్రహించి, 1856 ఫిబ్రవరిలో రిట్టర్ చేత మరల పరీక్షలు చేయించినాడు. క్రింది ఒత్తిడి వాతావరణ పీడనముకన్న హెచ్చైనను తగ్గైనను ఫలితము మారలేదు. పై ఒత్తిడికిని క్రింది ఒత్తిడికిని గల భేదమే నీటిని నడిపించుచున్నదని రూఢియైనది.

ఆ సంవత్సరమే దిజోన్ నగర జలాశయములను గురించి ఆయన బృహద్గ్రంథము వెలువడినది. వందలాది పుటల ఆ గ్రంథము చివర, ఒక అనుబంధములో, కొన్ని పుటలలో ఈ ఇసుక పరీక్షలు ఒదిగి ఉన్నవి. గ్రంథము నేడు చరిత్రకారులకే పరిమితమైనది. ఆ అనుబంధము మాత్రము లోకమంతయు వ్యాపించినది.

సూత్రము ఏమి చెప్పుచున్నది?

డార్సీ నియమమును సాహిత్య విద్యార్థులకు కూడ తెలియునట్లు చెప్పుటకు ప్రయత్నింతుము. వడపోత పొర గుండా ఒక క్షణములో ప్రవహించు నీరు, ఆ పొర వైశాల్యమునకు అనులోమముగాను, పై క్రింది ఒత్తిళ్ళ భేదమునకు అనులోమముగాను, పొర మందమునకు విలోమముగాను ఉండును. ఒత్తిడి రెట్టింపైన నీరు రెట్టింపగును. మందము రెట్టింపైన నీరు సగమగును. మిగిలినది ఆ ఇసుక స్వభావమును తెలుపు ఒక సంఖ్య. దానిని పారగమ్యత యందురు. 1930లలో పెట్రోలియము శాస్త్రజ్ఞులు రాళ్ళ పారగమ్యతను కొలుచు ప్రమాణమునకు డార్సీ అనియే పేరు పెట్టినారు. ఉష్ణము ప్రసరించుటకు ఫూరియే చెప్పిన నియమము, విద్యుత్తు ప్రవహించుటకు ఓమ్ చెప్పిన నియమము ఇదే రూపములో ఉన్నవి. ప్రకృతి ఒకే ఛందస్సులో పెక్కు పద్యములు వ్రాసినట్లున్నది!

కర్మాగారములలోని వడపోత ఇంతకన్న కొంచెము చిక్కైనది. ఇందుకు మేము కోఠి, ఆబిడ్సు ప్రాంతములలోని ఇరానీ హోటళ్ళను ఉదాహరణగా తీసికొందుము. డికాక్షనును గుడ్డలో వడపోయు పనివానిని గమనింపుడు. మొదట ధార జోరుగా పడును. క్రమముగా తేయాకు పిప్పి గుడ్డపై పేరుకొనును. ధార సన్నబడును. ఇప్పుడు వడగట్టుచున్నది గుడ్డ కాదు, పేరుకొన్న పిప్పియే. డార్సీ ఇసుక పొర మందము మారనిది. ఇక్కడి పొర క్షణక్షణము పెరుగునది. ఒత్తిడి మారకుండ ఉంచి, గుడ్డ అవరోధమును విడిచి లెక్కించినచో, రెట్టింపు ద్రవమును రాబట్టుటకు నాలుగు రెట్లు కాలము పట్టునని డార్సీ నియమము నుండియే తేలును. విసిగిన పనివాడు గుడ్డను మెలిపెట్టి పిండును. అదియే పీడన వడపోత. కాని మరీ గట్టిగా పిండినచో పిప్పి బిగుసుకొని దారులు మూసుకొనును. అనగా ఒత్తిడి రెట్టింపు చేసినను ద్రవము రెట్టింపు రాదు. ఇట్టి నొక్కుడుపడు పొరల ప్రవర్తనను లెక్కించుట ఇరువదవ శతాబ్దిలో రసాయన ఇంజనీర్లకు పెద్ద సమస్యయైనది. కోజెనీ, కార్మన్, రూత్, టిల్లర్ మొదలైనవారు డార్సీ వేసిన పునాదిపైననే తమ సిద్ధాంతములను నిర్మించినారు. చక్కెర కర్మాగారములలో చెరకు రసపు మడ్డిని వేరుచేయుటకును, ఔషధ కర్మాగారములలో మందు స్ఫటికములను ద్రవము నుండి రాబట్టుటకును వాడు ఫిల్టరు ప్రెస్సుల లెక్కలు ఈ సిద్ధాంతముల మీదనే ఆధారపడినవి.

కర్మాగారమునకు పెద్ద ఫిల్టరు కొనుటకు ముందు ప్రయోగశాలలో చిన్న ఫిల్టరుపై పరీక్ష చేసి, ఆ అంకెలతో నమూనా కట్టుదురు. పూర్వము ఒకరు ఒత్తిడి కవాటమును పట్టుకొని, మరొకరు గడియారము పట్టుకొని, వేరొకరు కొలపాత్ర చూచుచు ఈ పరీక్షలు చేసెడివారు. చేయి వణికిన ఒత్తిడి మారును, కన్ను చెదిరిన అంకె తప్పును. నేడు ఆ పనిని కంప్యూటరు చేయుచున్నది. ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయము వంటి చోట్ల ఇట్టి పరికరములను నిర్మించి పరిశోధనలు చేసినారు. కంప్యూటరు కవాటమును తానే సవరించుచు ఒత్తిడిని నిలకడగా ఉంచును. కావలసినప్పుడు మెట్లు మెట్లుగా పెంచును. వడిసిన ద్రవమును ఎలక్ట్రానిక్ త్రాసు తూచుచుండగా క్షణక్షణము నమోదు చేయును. పేరుకొనుచున్న పొరలో ఏ ఎత్తున ఎంత ఘనపదార్థమున్నదో కూడ విద్యుత్ ధ్రువముల ద్వారా తెలిసికొనును. దిజోన్ ఆసుపత్రి కుళాయిల వలన ఊగులాడిన పాదరసమునకు నూరేండ్లు దాటిన పిమ్మట దొరికిన పరిష్కారమిది. అయితే ఆ యంత్రము నమోదు చేసిన వేలకొలది అంకెలను చివరకు పోల్చి చూచునది డార్సీ చెప్పిన ఆ చిన్న నిష్పత్తితోనే.

మన నగరమును గురించి

డార్సీ కథ చదివినప్పుడు మాకు మన నగరమే గుర్తుకు వచ్చినది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి వేలాది ప్రాణములను బలిగొన్నది. కోఠికి అడుగుల దూరములోనున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నూట యాభై మందిని కొమ్మలపై నిలిపి కాపాడినది. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికిని ఉన్నది. మరుసటి యేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి వరద నివారణకై సూచనలు చేసినారు. ఆ సూచనల ఫలితముగా 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము వెలసినవి. వరదను ఆపుటకు కట్టిన జలాశయములే నగరమునకు త్రాగునీరు ఇచ్చినవి. గండిపేట నీరు పంపుల అవసరము లేక నేల వాలుననే నడచి ఆసిఫ్‌నగర్ వడపోత తొట్లకు చేరును. రోజ్వార్ నీరు దిజోన్‌కు నడచినట్లే! ఆసిఫ్‌నగర్, మీరాలం వడపోత కేంద్రములలోని ఇసుక పొరలు డార్సీ ఇసుక గొట్టమునకు దాయాదులు. నిజాంసాగర నిర్మాత నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ మొదలైన మన ఇంజనీర్లు ఈ విద్యను దక్కనుకు తెచ్చి ఫలింపజేసినారు. ఆయన జన్మదినమైన జూలై 11వ తేదీని తెలంగాణ ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నాము.

ఇసుక వడపోత ప్రాణములను ఎట్లు కాపాడునో 1892లో జర్మనీలో లోకమునకు తెలిసినది. హాంబుర్గ్ నగరము ఎల్బె నది నీటిని వడగట్టకయే త్రాగినది. ప్రక్కనే ఉన్న ఆల్టోనా పట్టణము అదే నది నీటిని ఇసుక తొట్లలో వడగట్టి త్రాగినది. కలరా హాంబుర్గ్‌ను కబళించి, ఆల్టోనాను దాదాపుగా విడిచినది. రెండు ఊళ్ళకు మధ్య గోడ లేదు. ఉన్నదల్లా ఒక ఇసుక పొర.

మంజీర, కృష్ణ, గోదావరి జలములు నేడు మన నగరమునకు వచ్చుచున్నవి. అయినను వేసవిలో టాంకరు కొరకు ప్లాస్టిక్ బిందెలు వరుస కట్టు వీధులు మన నగరములో లేవని ఎవరనగలరు? నూరేసి మీటర్లకొక కుళాయి అను డార్సీ కొలత పాతబడినది కాదు. అది ఇంకను మనము అందుకొనవలసిన కొలత.

చివరి దినములు

పరీక్షలు ముగిసిన పిమ్మట డార్సీ ఎక్కువ కాలము జీవించలేదు. తెరిచిన కాలువలలో నీటి నడకపై ఆయన ప్రారంభించిన పరిశోధనను శిష్యుడైన బజాన్ కొనసాగించి, 1865లో గురువు పేరును ముందుంచి ప్రకటించినాడు. 1858 జనవరి ఆరంభములో, పారిస్‌కు వెళ్ళి ఉండగా, ఊపిరితిత్తుల వాపుతో డార్సీ కన్నుమూసినాడు. అప్పటికి వయస్సు యాభై నాలుగు సంవత్సరములు. పార్థివ దేహమును దిజోన్‌కు తెచ్చి ఖననము చేసినారు. రోజ్వార్ నీరు వచ్చి చేరిన జలాశయపు కూడలికి నగర సభ ఆయన పేరు పెట్టినది. సంతానము లేని ఆ మనిషికి ఒక నగరమంతయు సంతానమైనది.

విద్యార్థి మిత్రులారా! డార్సీ జీవితము నుండి గ్రహించవలసినవి పెక్కు ఉన్నవి. మేము ఒక్కదానిని మాత్రము నొక్కి చెప్పదలచినాము. మన కళాశాలలలో ప్రాక్టికల్ రికార్డులు వ్రాయు తీరు మాకు తెలియనిది కాదు. రావలసిన అంకె ముందే తెలిసియుండగా, వచ్చిన అంకెను దానికి సరిపోవునట్లు దిద్దుట, లేదా స్నేహితుని పుస్తకము నుండి ఎక్కించుకొనుట మామూలైపోయినది. దీనిని తప్పుగా భావించువారు కూడ తగ్గిపోవుచున్నారు. దిజోన్ ఆసుపత్రి ఆవరణలో పాదరసము ఊగులాడినది. ఆ సంగతి దాచియుండినచో ఆనాడు ఎవరికిని తెలిసెడిది కాదు, పట్టికయు మరింత అందముగా ఉండెడిది. డార్సీ దాచలేదు కనుకనే లోకము ఆ పట్టికను నమ్మినది. తరువాతివారు మరింత నిలకడగల పరికరములతో దానిని సరిచూచి నిజమని తేల్చుకొనగలిగినారు. ఇక కంప్యూటరు అబద్ధమాడదు. కాని దానికి అబద్ధము నేర్పువాడు మనిషియే.

మన ఇండ్లలో ఎందరో తల్లులు డార్సీ తల్లివలెనే ఉన్న కొద్దిపాటి సొమ్ముతో బిడ్డలను ఈ కళాశాలకు పంపుచున్నారు. వారి ఋణము తీర్చుకొనుటకు 55,000 ఫ్రాంకులను వదులుకొను అవకాశము అందరికిని రాదు. చూచినదానిని చూచినట్లు వ్రాయు అవకాశము మాత్రము ప్రతి దినము, ప్రతి ప్రయోగశాలలోను, ప్రతి పరీక్షా మందిరములోను వచ్చును. ఈసారి కుళాయి త్రిప్పి దోసిట నీరు పట్టినప్పుడు, వుజూ చేయునప్పుడు, ఆ నీరు ఎన్ని ఇసుక రేణువుల మధ్య నుండి ఒదిగి ఒదిగి వచ్చినదో, ఆ దారిని కొలిచిన మనిషి ఎవరో ఒక్క క్షణము తలచుకొన్నచో మా ఈ వ్యాసము సార్థకమైనట్లే.